పరాయి ఒంట్లో కన్ను

కెమెరా మెనూలో ఎక్కడో అడుగున ఒక ఆప్షను ఉంటుంది. లెన్సు లేకపోయినా షట్టర్ పడనివ్వాలా వద్దా అని అడుగుతుంది. కొన్న కంపెనీ లెన్సులతోనే సరిపెట్టుకునేవాళ్ళకు దానితో పని పడదు. పాత లెన్సునో, ఇంకో కంపెనీ లెన్సునో అడాప్టరుతో మిర్రర్‌లెస్ కెమెరాకు తగిలించేవాళ్ళు మాత్రం ముందు దాన్ని ఆన్ చేసుకోవాలి. ఆ కెమెరా లెక్కలో దాని ముందు లెన్సంటూ ఏదీ లేదు. పాత లెన్సుకు విద్యుత్ కాంటాక్టులు ఉండవు కాబట్టి అది తన పేరు చెప్పదు, ఎపర్చరు ఎంత తెరుచుకుందో చెప్పదు. తెర మీద ఎపర్చరు అంకె ఉండాల్సిన చోట రెండు గీతలు కనబడతాయి, కొన్ని కెమెరాల్లో సున్నా కనబడుతుంది. అయినా వెలుగు లోపలికి వస్తుంది. బొమ్మ పడుతుంది. తనకు కన్నే లేదనుకుంటున్న ఒళ్ళు చక్కగా చూస్తుంది.

అప్పుడు చూస్తున్నది ఎవరు?

ప్రశ్న కెమెరా కంటే చాలా పాతది. కేనోపనిషత్తు మొదలయ్యేదే కన్నును పని చేయిస్తున్నది ఎవరన్న ఆరాతో. తత్త్వశాస్త్రానికి మన పెద్దలు పెట్టుకున్న పేరే దర్శనం. సాంఖ్యం ఒక చూపు, న్యాయం ఒక చూపు, బౌద్ధం ఇంకో చూపు. ఒక చూపు తాను పుట్టిన ఒళ్ళు విడిచి మరో ఒంట్లో పనిచేయగలదా, చేస్తే వెంట ఏం తెచ్చుకుంటుంది, ఏం పోగొట్టుకుంటుంది అన్నది నాలుగు మతాల మధ్య బతికే మనుషులకు తప్పని ప్రశ్న. అడాప్టరు గుప్పిట్లో పట్టే లోహపు ఉంగరం. ఆ ప్రశ్నను వేళ్ళతో తడిమి చూడనిస్తుంది.

ఫోటోగ్రాఫర్లు కెమెరాను బాడీ అనే అంటారు. బాడీ నాలుగైదేళ్ళకు పాతబడుతుంది, గాజు తరాలు నిలుస్తుంది అన్నది వాళ్ళ అనుభవం. పాత గాజు కొత్త బాడీలోకి చేరడానికి మన కథల్లో ఎప్పుడో పేరు పెట్టేశారు, పరకాయ ప్రవేశం అని. విక్రమార్కుడి కథలు విన్న పిల్లలకు కూడా ఆ విద్య తెలుసు. మాధవీయ శంకర విజయం చెప్పే కథ అందులో లోతైనది. వాదంలో మండన మిశ్రుడి భార్య ఉభయభారతి గృహస్థ జీవితానికి చెందిన ప్రశ్నలు వేస్తుంది. బదులు చెప్పడానికి శంకరుడు గడువు అడిగి, అప్పుడే చనిపోయిన అమరుక రాజు దేహంలోకి వెళ్తాడు. తన దేహాన్ని ఒక గుహలో శిష్యుల కాపలాలో వదిలిపెడతాడు. చరిత్రగా దీన్ని పండితులు నమ్మరు. కానీ కథలో మంత్రులకు అనుమానం వచ్చే తీరు చూడాలి. మొహం అదే, గొంతు అదే. పాలన మాత్రం మునుపటికంటే ధర్మంగా సాగుతోంది. ఈ చూపు మన రాజుది కాదని వాళ్ళు పట్టేస్తారు. ఎవరో మహానుభావుడు వచ్చి చేరాడు, తిరిగి వెళ్ళిపోకుండా ఎక్కడ శవం కనబడినా కాల్చెయ్యమని మనుషుల్ని పంపుతారు. ఒళ్ళు మారినా చూపులో ఏదో గుర్తుపట్టగలిగేది ఉండిపోతుందని ఆ కథకుడికి తెలుసు.

లెన్సులోనూ అది ఉండిపోతుంది. దానికి హేలియోస్ 44-2 కంటే మంచి ఉదాహరణ దొరకదు. 58 మి.మీ., ఎఫ్/2, సోవియట్ జెనిట్ కెమెరాలతో లక్షల సంఖ్యలో తయారైన లెన్సు. దాని పుట్టుక మాత్రం సోవియట్‌ది కాదు. జర్మనీలో యేనా నగరపు కార్ల్ జైస్ కంపెనీ 1930ల్లో చేసిన బయోటార్ లెన్సు దానికి మూలం. రెండో ప్రపంచ యుద్ధం తరువాత ఆ డిజైను సోవియట్ చేతికి వచ్చింది, అక్కడి గాజుకు తగ్గట్టు లెక్కలు మార్చుకుని వాళ్ళు తయారుచేశారు. అంటే ఇవాళ సోనీ బాడీ మీద కూర్చున్న హేలియోస్‌కు ఇది కనీసం మూడో జన్మ.

చేతిలోకి తీసుకుంటే బరువుగా, చల్లగా ఉంటుంది. ముందువైపు రెండు రింగులు. ఒకటి టిక్కు టిక్కుమని ఆగుతూ ఎపర్చరు హద్దు నిర్ణయిస్తుంది, రెండోది చప్పుడు లేకుండా జారుతూ ఎనిమిది రేకుల్ని తెరిచి మూస్తుంది. పూర్తిగా తెరిచి, చెట్టు ముందు నిలబడ్డ మనిషిని తీస్తే వెనక ఆకుల సందుల్లోని వెలుగు చుక్కలు గుండ్రంగా సుడి తిరుగుతాయి. డిజైను చేసినవాళ్ళు కోరుకున్నది కాదు అది, అంచుల దగ్గర సరిదిద్దకుండా మిగిలిన లోపం. జర్మనీ నుంచి రష్యాకు, ఫిల్ము నుంచి సెన్సరుకు, జెనిట్ నుంచి సోనీకి వచ్చినా ఆ సుడి వెంటే వచ్చింది.

ఇక్కడ చాలామందికి గీతలోని పాతబట్టల పోలిక గుర్తుకొస్తుంది. ఆత్మ చిరిగిన దేహాన్ని వదిలి కొత్తది తొడుక్కుంటుందన్న మాట. కానీ అది ఇక్కడికి పూర్తిగా అతకదు. ఆత్మకు మచ్చ అంటదు, లెన్సుకు మచ్చే గుర్తింపు. అదే గీత పదిహేనో అధ్యాయంలో ఇంకో పోలిక ఉంది. గాలి పూల నుంచి పరిమళాన్ని మోసుకుపోయినట్టు, జీవుడు ఇంద్రియాల్నీ మనసునూ మోసుకుపోతాడని. హేలియోస్ సుడికి ఇది సరిగ్గా సరిపోతుంది. తెలుగులో వాసన అన్న ఒక్క మాటే ముక్కుకు తగిలేదానికీ, జన్మలు దాటి వచ్చే సంస్కారానికీ వాడతాం. ఆ మాటలో ఎంత ఆలోచన ఉందో పాత లెన్సు పట్టుకున్నప్పుడు అర్థమవుతుంది.

అయితే ఒళ్ళు ఊరికే ఉండదు. అదే హేలియోస్‌ను పూర్తి ఫ్రేమ్ సోనీ మీద పెడితే సుడి నిండుగా కనబడుతుంది. చిన్న సెన్సరున్న ఫ్యూజీ మీద పెడితే 87 మి.మీ. లెన్సులా దగ్గరగా చూపిస్తుంది, సుడి చాలావరకు మాయమవుతుంది. సుడి ఉండేది అంచుల్లో. చిన్న సెన్సరు లెన్సు గీసిన బొమ్మలో మధ్యభాగాన్నే తీసుకుంటుంది. లెన్సులో వీసమెత్తు మార్పు లేదు. అద్వైతులు దీన్ని ఉపాధి అంటారు. స్ఫటికం పక్కన మందారం పెడితే స్ఫటికం ఎర్రగా కనబడుతుంది, ఎరుపు స్ఫటికంలోకి దిగలేదు. ఫ్యూజీ మీద హేలియోస్‌ను చూసి ఈ లెన్సుకు సుడే లేదు అని తీర్పు చెప్పినవాడు మందారాన్ని మరిచిపోయాడు. ఒక మతాన్ని ఒక ఊళ్ళోనో ఒక కుటుంబంలోనో చూసి మొత్తం ఇంతే అనేవాళ్ళది కూడా అదే పొరపాటు.

ఇంతవరకూ చెప్పుకున్నది లెన్సు సంగతి, ఒంటి సంగతి. అసలు విషయం వాటి మధ్య దూరంలో ఉంది.

ప్రతి కంపెనీ లెన్సూ తన వెనక అంచు నుంచి ఫిల్ము దాకా ఫలానా దూరం ఉంటుందని నమ్మి తయారవుతుంది. హేలియోస్ వాడే ఎం42 మర మౌంటుకు, అంటే లెన్సు బాడీకి బిగిసే అమరికకు, ఆ దూరం 45.46 మి.మీ. నికాన్ ఎఫ్‌కు 46.5, కానన్ ఈఎఫ్‌కు 44. మిర్రర్‌లెస్ బాడీలకు ఇది చాలా తక్కువ. సోనీ ఇ-మౌంటుకు 18, కానన్ ఆర్‌ఎఫ్‌కు 20, నికాన్ జెడ్‌కు 16 మి.మీ. తేడాను నింపేదే అడాప్టరు. హేలియోస్‌ను సోనీకి తగిలించాలంటే ఉంగరం మందం 27.46 మి.మీ. ఉండాలి. అందులో గాజు లేదు, మోటారు లేదు. రెండు అంచులు, మధ్యలో గాలి.

ఆ మందంలో ఒక కాగితమంత, అంటే 0.1 మి.మీ. తేడా వచ్చిందనుకుందాం. ఉంగరం అంత ఎక్కువ మందంగా ఉంటే, 58 మి.మీ. లెన్సు రింగును చివరిదాకా తిప్పినా సుమారు 34 మీటర్ల దగ్గరే ఫోకస్ ఆగిపోతుంది. ఎదురింటి అరుగు మీద కూర్చున్న పెద్దాయన కనుబొమలు వెంట్రుక వెంట్రుకగా కనబడతాయి, వీధి చివర రాజగోపురం మాత్రం మసకలోనే ఉండిపోతుంది. దగ్గరి వస్తువులు తీస్తున్నంతసేపూ లోపం తెలియదు. దూరం వైపు తిప్పినప్పుడే బయటపడుతుంది. లెన్సు గొట్టం మీద చివరన పడుకోబెట్టిన ఎనిమిదిలా ఒక గుర్తు ఉంటుంది, అనంతం. అడాప్టరు మందమైతే అనంతం అందదు.

చైనాలో బౌద్ధానికి సరిగ్గా ఇదే జరిగింది. నాలుగో శతాబ్దంలో అక్కడి పండితులు బౌద్ధ పదాల్ని తావో మతంలో అప్పటికే ఉన్న మాటలకు జతపెట్టి చెప్పేవారు. ఆ పద్ధతికి గెయి అని పేరు. నిర్వాణానికి తావోవాదుల వూవెయ్, అంటే ప్రయాసలేని నిష్క్రియ. శూన్యానికి వూ, అంటే లేమి. వినేవాడికి మొదటి అడుగు సులువైంది, దగ్గరి విషయాలు స్పష్టంగా కనబడ్డాయి. శూన్యత దగ్గరికి వచ్చేసరికి బొమ్మ మసకబారింది. శూన్యమంటే ఏమీ లేకపోవడం కాదు, ఏదీ తనంతట తాను నిలబడకపోవడం. లేమి అన్న మాట అక్కడిదాకా తిరగలేదు. దావో ఆన్ లాంటి పండితులకే ఆ పద్ధతి మీద అసంతృప్తి కలిగింది. 401లో కుమారజీవుడు చాంగాన్ చేరి, పెద్ద పండిత బృందంతో కూర్చుని మాట మాటనూ తూచి, 409లో నాగార్జునుడి మాధ్యమిక కారికల్ని వ్యాఖ్యానంతో సహా చైనా భాషలోకి తెచ్చాడు. కుమారజీవుడి తండ్రి భారతీయుడు, తల్లి మధ్య ఆసియాలోని కూచా రాజకుమారి. అటు అంచు తెలిసినవాడూ, ఇటు అంచు తెలిసిన పండితులూ కలిసి కూర్చోవడం వల్లనే ఉంగరం సరైన మందానికి వచ్చింది.

ఎదురు తప్పు కూడా ఉంది, మన కాలంలో అదే ఎక్కువ. చవక అడాప్టర్లు చేసేవాళ్ళు అనంతం అందలేదన్న ఫిర్యాదు రాకుండా ఉంగరాన్ని కావాలనే కాస్త పలచగా చేస్తుంటారు. అప్పుడు అనంతం తన గుర్తు రాకముందే ఫోకస్‌లోకి వస్తుంది. లెన్సు మీద చెక్కిన దూరాల అంకెలన్నీ అబద్ధమవుతాయి. గుర్తు దాకా తిప్పితే అనంతాన్ని దాటి మళ్ళీ మసక. అన్ని మతాలూ చెప్పేది ఒకటే అని మొదటి పేజీలోనే తేల్చేసేవాళ్ళది ఈ పలచని ఉంగరం. మోక్షం, నిర్వాణం, క్రైస్తవుల రక్షణ, సూఫీల ఫనా ఒకటేనని చెప్పడానికి నిమిషం పట్టదు. కానీ ఒక్కొక్క దారిలో ఎవరు ఎంత దూరం నడిచారో చెప్పే అంకెలు అక్కడితో చెరిగిపోతాయి. మౌంటు వేరు కాబట్టి చూపు కుదరదనే ఛాందసుడూ, మౌంట్లన్నీ ఒకటేననే ఉదారుడూ కొలత పెట్టి చూసినవాళ్ళు కారు.

ఇరవై ఏళ్ళ కిందట ఈ ఉంగరాల గొడవ ఇంత లేదు. అప్పటి ఎస్‌ఎల్‌ఆర్ కెమెరాల్లో లెన్సుకూ ఫిల్ముకూ మధ్య ఒక అద్దం లేచి పడుతుండేది. 45 మి.మీ. చిల్లర దూరమంతా దాని కోసమే. 2008లో పానసోనిక్ జీ1 వచ్చింది, మార్చుకునే లెన్సులున్న మిర్రర్‌లెస్ కెమెరాల్లో మొదటిది. 2013లో సోనీ ఏ7తో పూర్తి ఫ్రేమ్ సెన్సరు కూడా ఆ దారిలోకి వచ్చింది. అద్దం తీసేశారు, దూరం తగ్గింది, ముందు ఖాళీ ఏర్పడింది. ఆ ఖాళీలోకి లైకా, నికాన్, జెనిట్, పెంటాక్స్, మినోల్టా లెన్సులన్నీ వచ్చి కూర్చోగలిగాయి. పాత నికాన్ ఎఫ్ బాడీ పరాయి లెన్సులు చాలావాటిని కాదన్నది ద్వేషంతో కాదు, దానికి చోటు లేక. లెన్సు చూసేదాన్ని పైకి తిప్పి చూపడానికి పెట్టుకున్న అద్దం ఆ చోటంతా ఆక్రమించింది.

ఇక్కడ నాగార్జునుడు మళ్ళీ గుర్తుకొస్తాడు. అంతా శూన్యమైతే ధర్మం, సంఘం, మంచి చెడు అన్నీ కూలిపోవా అని ప్రత్యర్థి అడిగితే, శూన్యతకు చోటున్నచోటే అన్నిటికీ చోటుంటుందని ఆయన కారికల ఇరవై నాలుగో ప్రకరణంలో తిప్పికొట్టాడు. అడాప్టరులోని గాలే నాగార్జునుడి శూన్యమని చెప్పడం తప్పు. ఆయన మాట్లాడింది ఖాళీ స్థలం గురించి కాదు. అయినా, ఏ వస్తువూ తనకు తానే చాలనంత గట్టిగా లేకపోవడం వల్లనే ఒకదానికొకటి పనికొస్తాయన్న ఆయన మాట, అద్దం తీసిన కెమెరాను చూశాక ఇంకాస్త దగ్గరగా వినబడుతుంది.

లెన్సుల లోకంలో ఒక అనాథ ఉంది. 1987లో కానన్ తన పాత ఎఫ్‌డీ మౌంటును వదిలేసి ఈఎఫ్‌కు మారింది. ఎఫ్‌డీ దూరం 42 మి.మీ., ఈఎఫ్‌ది 44. రెండు మిల్లీమీటర్లు అడ్డం తిరిగాయి. మధ్యలో దిద్దుబాటు గాజు పెట్టి బొమ్మను పాడుచేసుకుంటే తప్ప, కానన్ లెన్సు కానన్ బాడీ మీద అనంతాన్ని చూడలేకపోయింది. ఇరవై ఏళ్ళకు పైగా బీరువాల్లో పడి ఉన్న ఆ లెన్సులకు మళ్ళీ చూపు వచ్చింది పానసోనిక్, సోనీ ఒళ్ళలో. సొంత ఇల్లు తలుపు మూస్తే పొరుగిల్లు నిలబెట్టింది.

నాగార్జునుడి సుహృల్లేఖ కథా అదే. ఒక శాతవాహన రాజుకు మిత్రుడిగా రాసిన ఉత్తరం అది. ఎలా బతకాలి, ఎలా ఏలాలి, దేన్ని వదులుకోవాలి అని పద్యాల్లో చెప్పిన పుస్తకం. ఆయన చివరి రోజులు గడిపింది శ్రీపర్వతం మీద, అంటే నేటి నాగార్జునకొండ దగ్గర అని సంప్రదాయం చెబుతుంది. ఆ ఉత్తరం సంస్కృత మూలం మన దగ్గర మిగలలేదు. టిబెట్ భాషలోకి, చైనా భాషలోకి చేసిన అనువాదాల్లో బతికింది. తెలుగువాడికి తన నేల రాజుకు రాసిన ఉత్తరం చదవాలంటే లాసా వైపు నుంచి తిరిగి రావాలి. నాగార్జునకొండ లోయే నాగార్జునసాగర్ జలాశయం నీళ్ళ కింద ఉంది. 1954 నుంచి 1960 దాకా తవ్వకాలు జరిపి, కొన్ని కట్టడాల్ని ఇటుక ఇటుకగా ఎత్తి కొండ మీదికి, గట్టు మీదికి చేర్చారు. నేల మారింది, కట్టడం నిలిచింది. ఇలాంటివి చూశాక, పరాయి భాషలోకో పరాయి మతంలోకో వెళ్ళిన ప్రతిదాన్నీ కల్తీ అనడానికి నోరు రాదు.

కల్తీ ఉండదని కాదు. అడాప్టరు మీద అడాప్టరు వేసి లెన్సు తగిలించేవాళ్ళు ఉన్నారు. ప్రతి అతుకు దగ్గరా కాస్త వదులు, వేలితో తోస్తే లెన్సు కొంచెం ఆడుతుంది. ఉపనిషత్తులు యూరపుకు వెళ్ళింది ఈ దారిలోనే. 1657లో మొగల్ రాకుమారుడు దారా షుకో కాశీ పండితుల సాయంతో యాభై ఉపనిషత్తుల్ని పారసీలోకి తెచ్చాడు. సూఫీ పరిభాష దానికి ఒక ఉంగరం. ఆ పారసీని 1801-02లో ఫ్రెంచి పండితుడు ఆంకెతిల్ ద్యుపెరాన్ లాటిన్‌లో అచ్చువేశాడు. అది రెండో ఉంగరం. జర్మన్ తత్త్వవేత్త షోపెన్‌హవర్ చదివింది ఆ లాటిన్‌నే, ఆ తరువాత జీవితమంతా దాన్ని పక్కనే ఉంచుకున్నాడు. రెండు అతుకుల వదులు దాటి, ఎంత మసకగానైనా, కాశీ వెలుగు ఆయన ఉన్న ఫ్రాంక్‌ఫర్ట్ చేరింది.

గాజున్న అడాప్టర్ల సంగతి వేరు. మెటాబోన్స్ కంపెనీ స్పీడ్ బూస్టర్ వెలుగును కుదించి చిన్న సెన్సరు మీదికి తెస్తుంది. బొమ్మ ఒక స్టాపు మేర వెలుగు పుంజుకుంటుంది. కానీ అప్పుడు చూసేది రెండు గాజుల్లోంచి. బ్రహ్మసూత్రాలు ఒకటే, శంకర భాష్యంలోంచి చూస్తే ఒకటి, రామానుజ భాష్యంలోంచి చూస్తే ఇంకొకటి. భాష్యం లేకపోతే ఆ సూత్రాలు చాలామందికి చీకటే. భాష్యకారుడి గాజును మూలం గాజుగా పొరబడకుంటే చాలు.

తెలుగు క్రైస్తవులు ఆదివారం పాడే కీర్తనల్లో ఈ పని నెమ్మదిగా, అందంగా జరిగింది. పురుషోత్తమ చౌధరి 1803లో పుట్టి 1890 దాకా బతికిన కవి. పాలస్తీనాలో పుట్టిన కథను రాగతాళాలున్న కీర్తనలో కూర్చాడు. ఇంగ్లీషు పాటల బాణీకి తెలుగు మాటలు అతికించే దారి ఎదురుగా ఉన్నా, తన నేల కీర్తన ఒంట్లోకి ఆ చూపును దించాడు. నూట ముప్పై ఏళ్ళు దాటినా చర్చిల్లో పాడుతూనే ఉన్నారు.

పాత లెన్సుకు ఆటోఫోకస్ ఉండదు. కొన్ని అడాప్టర్లు మోటారు పెట్టి లెన్సు మొత్తాన్నీ ముందుకూ వెనక్కూ జరిపి ఆ పని చేస్తాయి, ఎక్కువవాటితో చేత్తోనే తిప్పాలి. ఫోకస్ పీకింగ్ ఆన్ చేస్తే స్పష్టమైన అంచుల మీద ఎర్రటి మెరుపు పాకుతుంది. రింగు తిప్పుతుంటే ఆ మెరుపు చెంప మీద నుంచి ముక్కు మీదికి, ముక్కు మీద నుంచి కంటి రెప్ప మీదికి వస్తుంది. అక్కడ ఆపాలి. ఎక్కడ ఆపాలో కెమెరా చెప్పదు. పరాయి దర్శనాన్ని చదివేటప్పుడూ ఇంతే. పుట్టుకతో వచ్చిన మతంలో ఫోకస్ దానంతట అదే కుదురుతుంది, అమ్మ ఒడిలోనే కుదిరిపోయింది. పరాయిదాన్ని వేళ్ళతో తిప్పి తిప్పి పట్టుకోవాలి. అందుకు ఓపిక లేనివాళ్ళు పరాయి మతం గురించి తీర్పులు చెప్పకపోవడం మంచిది.

ఫిల్ము కాలం నాటి లెన్సు తాతదో నాన్నదో ఇంట్లో ఉన్నవాళ్ళు ఒకసారి ఆ పెట్టె తెరవండి. టార్చి వెలుగు ఒక పక్క నుంచి వేసి లోపలి గాజు మీద సాలెగూడులాంటి బూజు దారాలు ఉన్నాయేమో చూడండి, కోస్తా తేమకు అది త్వరగా పడుతుంది. లేకపోతే మౌంటు ఏదో తెలుసుకుని, వదులు లేని ఉంగరం ఒకటి కొనండి. మెనూలో లెన్సు లేకపోయినా షట్టర్ పడనివ్వమని చెప్పండి. తరువాత డాబా ఎక్కి, కనుచూపు మేరలో అన్నిటికంటే దూరంగా ఉన్న తాటిచెట్టు వైపు తిప్పి, రింగు ఏ గుర్తు దగ్గర ఆగితే దాని మట్టలు విడివిడిగా కనబడుతున్నాయో చూడండి.